చలి రాకముందే బీరువా మార్చడం: దుప్పట్లు దించడం నుంచి నూలు బట్టలు దాచేదాకా

బట్టల బీరువా మార్చే పని చలి మొదలయ్యాక పెట్టుకుంటే ఆలస్యమైనట్టే. మూడు వారాల ముందే మొదలుపెట్టాలి. తొందర చలికి భయపడి కాదు, ఎండ కోసం. మందపాటి దుప్పటి లోపలిదాకా ఆరాలంటే మంచి ఎండ ఉన్న రోజులు రెండు కావాలి. పగలు పొట్టిదై, సాయంత్రానికే మంచు దిగడం మొదలైందంటే ఉతికిన కంబళి పైకి పొడిగా తగులుతూ లోపల పచ్చిగానే ఉండిపోతుంది. దాన్ని అలాగే మడిచి పెడితే వారం తిరక్కుండానే ముక్కిపోయిన వాసన పట్టుకుంటుంది. ఆ వాసన పక్క బట్టలకూ అంటుకుంటుంది.

ఈ పనిలో చెడేవన్నీ దాదాపు రెండే కారణాలతో చెడతాయి: తేమ, మురికి. తేమ బూజును తెస్తుంది, మురికి పురుగును పిలుస్తుంది. కింద చెప్పిన వరుస ఆ రెండింటినీ బీరువా తలుపు దాటనివ్వకుండా ఉండటానికే. వరుస తప్పితే, అంటే బీరువా తుడవకుండా బట్టలు సర్దినా, ఉతక్కుండా దాచినా, చేసిన పనే మళ్లీ చేయాలి.

రోజులు ఎంచుకోవడం

ఒక్క రోజులో ముగించాలని కూర్చోకండి. నలుగురున్న ఇంటికి మూడు విడతలు పడతాయి. మొదటి సెలవు రోజు సగం పూట బట్టలు వేరు చేయడానికి, బీరువా తుడవడానికి. ఆ తర్వాతి వారమంతా రోజుకో వాయి చొప్పున ఉతకడానికి. చివరి సెలవు రోజు సర్దడానికి. ఉతికే రోజులకు వాన సూచన లేకుండా, గాలి ఆడుతూ ఉండాలి. ఎండ ఎంత ముఖ్యమో గాలి అంతే ముఖ్యం. ఎండ ఉన్నా గాలి కదలని రోజున మందపాటివి సరిగ్గా ఆరవు.

దండెం మీది బట్టల్ని మధ్యాహ్నం మూడు, మూడున్నర కల్లా లోపలికి తెచ్చేయాలి. ఈ కాలంలో పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రతలో తేడా ఎక్కువ. పొద్దు వాలగానే గాలిలోని తేమ చల్లటి బట్ట మీదికి చేరుతుంది. ఐదింటిదాకా వదిలేస్తే పొద్దుటి నుంచి ఆరినదంతా వృథా.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి: రెండు పాత దుప్పట్లు (నేల మీద పరచడానికి), సన్నటి మూతి ఉన్న వాక్యూమ్ క్లీనర్ లేదా గట్టి కుచ్చు బ్రష్, మెత్తని గుడ్డలు నాలుగు, టార్చిలైటు, కొలతల టేపు, ఉన్నికి వాడే ద్రవ సబ్బు, అంటించే చీటీలు, మార్కర్ పెన్ను. గదిలో తేమ కొలిచే చిన్న మీటరు ఉంటే ఇంకా మంచిది. దాన్ని బీరువాలో ఒక రాత్రి ఉంచి చూడండి. 40 నుంచి 60 శాతం మధ్య చూపిస్తే నిశ్చింత. 70 దాటితే బట్టల సంగతి తర్వాత, ముందు ఆ తేమ ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి.

అంతా బయటికి తీసి వేరు చేయడం

ఒక్కో అర సర్దుకుంటూ పోదామనిపిస్తుంది. అలా చేస్తే పై అరలోది కింది అరలోకి మారుతుందే తప్ప ఏదీ తగ్గదు. బీరువా మొత్తం ఒకేసారి ఖాళీ చేయండి. ఇద్దరు మనుషులుంటే ఒకరు తీస్తూ ఉంటే ఇంకొకరు వేరు చేయొచ్చు. ముగ్గురు, నలుగురు చేరితే మాత్రం పని నడవదు, ప్రతి చొక్కా మీదా చర్చ మొదలవుతుంది. ఎవరి బట్టల విషయంలో వాళ్లదే తుది మాట అని ముందే అనుకోవడం మేలు.

నేల మీద కుప్పలు ఇలా వేయండి: ఈ చలికాలం తొడిగేవి, వచ్చే వేసవికి దాచేవి, కుట్టుపని ఉన్నవి, పొట్టివైనవి, తుడుపు గుడ్డలకు పోయేవి. 'చూద్దాం' అనే కుప్ప మాత్రం పెట్టకండి. దాన్ని పెట్టారంటే చివరికి అదే అన్నిటికంటే పెద్దదవుతుంది.

పిల్లల బట్టలు కళ్లతో చూసి తేల్చకూడదు, తొడిగించి చూడాలి. జాకెట్‌ను లోపల ఒక స్వెటర్ వేసి తొడగండి. చేతులు ముందుకు చాపినప్పుడు అంచు మణికట్టు ఎముకను కప్పాలి. చేతులు పైకెత్తినప్పుడు నడుము బయటపడకూడదు. మూసిన బూట్లయితే నిలబెట్టి చూడాలి. పొడవాటి వేలి ముందు 1 నుంచి 1.5 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. చలికాలం సాక్సులు మందంగా ఉంటాయి కనుక ఆ సాక్సులతోనే కొలవండి. లోపలి అట్ట ఊడి వచ్చేదైతే దాన్ని బయటికి తీసి, పిల్లల్ని దాని మీద నిలబెడితే ఖాళీ ఎంతుందో కంటికే కనిపిస్తుంది. రెండేళ్లు పనికొస్తుందని మరీ పెద్దది కొనడంలో లాభం లేదు. వదులు జాకెట్‌లోకి గాలి దూరుతుంది, వదులు బూటుతో పిల్లలు తూలిపడతారు. ఒక సైజు పెద్దది చాలు. టోపీకి, మెడకు వేలాడే తాళ్లుంటే లాగి తీసేయండి. జారుడుబల్లల దగ్గర, తలుపుల దగ్గర అవి చిక్కుకుని మెడ బిగిసే ప్రమాదం ఉంది.

ఇక్కడే ఇంకో పని. ప్రతి జేబులో చెయ్యి పెట్టండి. కాగితం ముక్క, చాక్లెట్ కవరు, మూత ఊడిన పెన్ను, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ వాయి మొత్తం పాడవుతుంది.

కుట్టుపని కుప్పను ఆ రోజే సంచిలో వేసి గుమ్మం దగ్గర పెట్టండి. జిప్పు మార్చడం, లైనింగ్ చిరుగు, రఫు చేయించడం, డ్రై క్లీనింగ్, ఇవన్నీ చలి పడ్డాక అందరికీ ఒకేసారి గుర్తొస్తాయి, అప్పుడు రోజుల తరబడి ఆగాల్సి వస్తుంది. జిప్పు పళ్లు బాగుండి రన్నర్ మాత్రమే వదులైతే జిప్పు మొత్తం మార్చనక్కర్లేదు, రన్నర్ మారిస్తే సరిపోతుంది. బిగుసుకున్న జిప్పుకు నూనె రాయకండి, బట్టకు మరక పడుతుంది. కొవ్వొత్తి ముక్కతోనో పెన్సిల్ మొనతోనో పళ్ల మీద నాలుగుసార్లు రుద్దితే జారుతుంది. డ్రై క్లీనింగ్ నుంచి వచ్చిన కోటుకు ఉన్న ప్లాస్టిక్ కవరు ఇంటికి రాగానే తీసేసి, కిటికీ దగ్గర ఒక పగలంతా తగిలించండి. అందులో మిగిలిన ద్రావకం వాసన పోవాలి. ఆ కవరులోనే దాస్తే లోపల చెమ్మ చేరుతుంది.

ఖాళీ బీరువా: తుడవడం కంటే ఆరబెట్టడం ముఖ్యం

అరలు, మూలలు, పలకల అతుకులు, హ్యాంగర్ రాడ్డు చివర్లు, సొరుగుల అడుగు, వీటన్నిటినీ ముందు పొడిగా వాక్యూమ్ చేయాలి. తడిగుడ్డతో మొదలుపెడితే దుమ్ము సందుల్లోకి ముద్దలా దిగిపోతుంది. సందుల్లో బియ్యపు గింజంత గూళ్లు, సన్నటి సాలెగూడులాంటి దారాలు, ఇసుక రేణువుల్లాంటి మలం కనిపిస్తే చిమ్మెట ఉన్నట్టే. వాక్యూమ్‌లోని దుమ్ము సంచిని వెంటనే ఇంటి బయట పారేయండి. లోపలే ఉంచితే గుడ్లు అక్కడే పొదుగుతాయి.

తర్వాత లీటరు గోరువెచ్చటి నీళ్లలో ఒక టీస్పూను గిన్నెల సబ్బు కలిపి, గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవండి. వెంటనే ఉత్త నీళ్ల గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఇంకోసారి. చెక్కపొట్టు అదిమి చేసిన పలకలైతే నీళ్లు కారేంత తడి అసలు తగలకూడదు. అంచుల దగ్గర ఉబ్బితే మళ్లీ మామూలుకు రాదు.

నల్లటి, ఆకుపచ్చటి మచ్చలుంటే అది బూజు. పొడిగా ఉన్నప్పుడు దాన్ని బ్రష్‌తో గీకకండి, బీజాలు గదంతా లేస్తాయి. మాస్కు, గ్లౌజులు వేసుకుని, కిటికీ తెరిచి, సబ్బునీళ్ల గుడ్డతో అద్ది తుడిచి, ఆ గుడ్డను పారేయండి. మరక మిగిలితే తెల్ల వెనిగర్ అద్ది ఒక గంట వదిలి తుడవొచ్చు. బ్లీచింగ్ ద్రావణం వాడదలిస్తే అది ఒక్కటే వాడాలి. వెనిగర్‌తో గానీ, అమోనియా ఉన్న క్లీనర్లతో గానీ కలిస్తే విషవాయువు పుడుతుంది. ఒకదాని తర్వాత ఒకటి రాసినా ప్రమాదమే.

ఇక తలుపులు, సొరుగులు పూర్తిగా తెరిచి 24 గంటలు వదిలేయండి, చిన్న ఫ్యాను లోపలికి తిప్పి పెడితే ఇంకా మంచిది. చాలా ఇళ్లలో పని చెడేది ఇక్కడే. తుడిచిన గంటకే బట్టలు పెట్టేస్తారు, ఆ చెమ్మ ఇక ఎటూ పోలేదు. బీరువా వెనక గోడ బయటి గోడైతే దానికీ బీరువాకూ మధ్య కనీసం 5 సెంటీమీటర్ల సందు వదలండి. చలికాలంలో బయటి గోడ చల్లబడుతుంది, గదిలోని వెచ్చటి గాలి దానికి తగిలి నీరవుతుంది, గాలి ఆడకపోతే ఆ తడి అక్కడే నిలుస్తుంది. ఇనుప బీరువాలో ఇదే పని లోపలి వైపు రేకు మీద జరుగుతుంది. అందుకే వాటిలో బట్టలు వెనక రేకుకు ఆనేలా కుక్కకూడదు.

దాచబోయే నూలు బట్టలు

ఒక్కసారే తొడిగాం, శుభ్రంగానే ఉందనిపించే చొక్కాను కూడా ఉతకాలి. కంటికి కనిపించని చెమట, ఒలికిన తీపి పానీయం, నూనె చుక్క నెలల తరబడి గాలి తగిలి పసుపుగా, గోధుమ రంగుగా మారతాయి. వచ్చే వేసవికి తీసినప్పుడు 'ఈ మరక ఎక్కడిది' అనుకునేది అదే.

కాలర్లకు, చంకలకు గిన్నెల సబ్బు చుక్కలు వేసి వేళ్లతో రుద్ది పది, పదిహేను నిమిషాలు ఆగండి. చంకల దగ్గర పసుపు మరక గట్టిపడితే క్లోరిన్ బ్లీచ్ పోయకండి, చెమట మరక దాంతో ఇంకా ముదురుతుంది. దానికి ఆక్సిజన్ బ్లీచ్, అంటే సోడియం పెర్‌కార్బనేట్ పొడి, పనికొస్తుంది. 40 నుంచి 60 డిగ్రీల నీళ్లలో ప్యాకెట్ మీది మోతాదు కలిపి నాలుగు నుంచి ఆరు గంటలు నానబెట్టండి. నీళ్లు చల్లగా ఉంటే అది సరిగ్గా పనిచేయదు. ఉన్నికి, పట్టుకు అసలు వాడకూడదు. కలిపిన ద్రావణాన్ని సీసాలో పోసి బిరడా బిగించకూడదు, వాయువు పుడుతూనే ఉంటుంది కనుక సీసా పగలొచ్చు.

దాచే బట్టలకు గంజి వద్దు. సిల్వర్‌ఫిష్ అనే వెండిరంగు పురుగులకు పిండిపదార్థమంటే ఇష్టం. పైగా గంజి పెట్టిన మడత నెలల తరబడి అలాగే ఉంటే దారం ఆ గీత వెంబడే తెగుతుంది. మరక పోయిందని తేల్చుకోకుండా ఇస్త్రీ చేయడమూ తప్పే, వేడికి మరక స్థిరపడిపోతుంది.

ఉన్ని: ఓపిక ఎక్కువ కావాల్సిన చోటు

ముందు వెలుగులో పట్టి చూడండి. కిటికీకి ఎదురుగా స్వెటర్‌ను చాపి పట్టుకుంటే చిన్న చిల్లులు కూడా కనిపిస్తాయి. కాలర్ మడత కింద, చంకల్లో, జేబుల అడుగున, అంచు కుట్టు లోపల చూడండి. చిమ్మెట చీకటినే వెతుక్కుంటుంది. ఎగిరే చిన్న లేత బంగారు రంగు పురుగు బట్ట తినదు, దానికి తినే నోరే లేదు. తినేది దాని గొంగళిపురుగు. ఉన్ని, పట్టు, ఈకలు, బొచ్చు, అంటే కెరాటిన్ లాంటి జంతు ప్రోటీన్ ఉన్నవి దానికి ఆహారం. నూలు, పాలిస్టర్ దానికి పట్టవు. కానీ వాటి మీద చెమటో ఆహారపు మరకో ఉంటే వాటినీ కొరుకుతుంది.

చిల్లు గానీ గూడు గానీ కనిపించిన బట్టను మిగతావాటితో కలపకండి. దాన్ని బయటే దులిపి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి ఒత్తేసి, మూతి కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. రెండు రోజులు చాలని కొందరంటారు. ఇంటి ఫ్రీజర్ తలుపు రోజూ తెరుస్తూ మూస్తూ ఉంటాం కనుక, మడతల లోపలిదాకా చల్లదనం దిగడానికి సమయం పడుతుంది. తీశాక సంచి విప్పకుండా 24 గంటలు గది వేడికి రానివ్వాలి. వెంటనే విప్పితే చల్లటి బట్ట మీద నీరు చేరుతుంది. తర్వాత చచ్చిన పురుగు, గుడ్లు పోవడానికి ఉతకాలి.

ఉతికే తీరు ఇదీ.

ముందు లేబుల్ చూడండి. టబ్బు గుర్తు మీద ఇంటూ ఉంటే ఇంట్లో ఉతక్కండి. ఉతకొచ్చంటే, తడపకముందే స్వెటర్‌ను ఒక పెద్ద కాగితం మీద పరిచి పెన్సిల్‌తో చుట్టూ గీత గీయండి. లేదా ఛాతీ వెడల్పు, పొడవు, చేతి పొడవు కొలిచి రాసుకోండి. ఆరబెట్టేటప్పుడు ఇదే ఆధారం.

టబ్బులో 5 నుంచి 8 లీటర్ల నీళ్లు పోయండి. చెయ్యి పెడితే చల్లగానూ వేడిగానూ అనిపించనంత, 30 డిగ్రీలు మించకూడదు. అందులో ఉన్ని సబ్బు ఒకటి, రెండు టీస్పూన్లు కలపండి. మామూలు బట్టల పొడి వాడకపోవడానికి కారణం ఉంది. చాలా పొడుల్లో ప్రోటీన్ మరకల్ని కరిగించే ఎంజైములు ఉంటాయి. ఉన్ని దారం కూడా ప్రోటీనే, దాన్నీ అవి కొద్దికొద్దిగా తినేస్తాయి. స్వెటర్ లోపలి వైపు బయటికి తిప్పి, ముంచి, అరచేతులతో మెల్లగా అదిమి వదలండి. పది నిమిషాలు నానితే చాలు. రుద్దడం, బాదడం, మెలిపెట్టి పిండడం వద్దు. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటి పొరలుంటాయి. వేడి, సబ్బు, రాపిడి మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని బట్ట గట్టిపడి కుంచించుకుపోతుంది. అలా అట్టకట్టిన స్వెటర్ మళ్లీ తెరుచుకోదు. కొంచెమే కుంచించుకుంటే గోరువెచ్చటి నీళ్లలో తలకు రాసే కండిషనర్ కలిపి అరగంట నానబెట్టి, తడిగా ఉండగానే నెమ్మదిగా లాగి చూడొచ్చు. కాస్త వస్తుంది, మొత్తం రాదు.

జాడించే నీళ్లు కూడా మొదటి నీళ్లంత వెచ్చగానే ఉండాలి. నురుగు పోయేదాకా రెండు, మూడు సార్లు మార్చండి. టబ్బులోంచి తీసేటప్పుడు రెండు చేతులూ కింద పెట్టి మొత్తంగా ఎత్తాలి. భుజాలు పట్టుకుని ఎత్తితే నీటి బరువుకు అది సాగి పొడవాటి అంగీ అయిపోతుంది.

నేల మీద పెద్ద తువ్వాలు పరిచి, దాని మీద స్వెటర్ పెట్టి, రెంటినీ కలిపి చాపలా చుట్టి, మీద మోకాలితోనో చేత్తోనో అదమండి. తువ్వాలు చాలా నీరు పీలుస్తుంది. మందపాటిదైతే ఇంకో పొడి తువ్వాలుతో మళ్లీ చేయండి. ఆ తర్వాత గీసుకున్న కాగితపు ఆకారానికి సరిపోయేలా సర్ది, నీడలో, గాలి తగిలే చోట, జాలీ లాంటి దాని మీద పడుకోబెట్టి ఆరేయండి. దండెం మీద వేలాడదీయొద్దు. నేరుగా ఎండా వద్దు, తెల్ల ఉన్ని పసుపవుతుంది, రంగుది వెలుస్తుంది. ఆరు గంటలకోసారి తిరగేయండి.

ఆరిందో లేదో చేత్తో తాకి చెప్పడం ఉన్ని విషయంలో మోసం చేస్తుంది. ఉన్ని తన బరువులో 30 శాతం దాకా తేమను పీల్చుకుని కూడా తడిగా తగలదు. అందుకే పొడిగా అనిపించాక ఇంకో పూర్తి పగలు గాలికి వదలండి. మందపాటి కుట్టు, మెడ పట్టీ, జేబు దగ్గర పెదవితోనో చెంపతోనో తాకి చూడండి. చల్లగా తగిలితే ఇంకా ఆరలేదన్నమాట.

ఉండలు కట్టిన నూగును ఆరాకే తీయాలి. చిన్న మిషన్‌తో గానీ దువ్వెనతో గానీ, ఒక చేత్తో బట్టను బిగువుగా పట్టి, ఒకే వైపు లాగాలి. వేళ్లతో పీకితే దాంతోపాటు కొత్త పోగులు బయటికి వచ్చి ఇంకా ఎక్కువ ఉండలు కడతాయి.

దుప్పట్లు, బొంతలు, పరుపులు

పాలిస్టర్ నింపిన కంఫర్టర్ మిషన్లో పడుతుందా అంటే, పొడిగా ఉన్నప్పుడు డ్రమ్ములో మూడింట రెండొంతులకు మించకపోతే పడుతుంది. అదిమి తోస్తే గానీ పట్టనిది మధ్యలో సబ్బు పోకుండానే బయటికి వస్తుంది. తడిసిన బరువుకు మిషన్ కూడా ఊగుతుంది. అలాంటివాటిని పెద్ద మిషన్లున్న లాండ్రీకి ఇవ్వడం మంచిది. సబ్బు మామూలులో సగం వేసి, జాడించే విడత ఒకటి అదనంగా పెట్టండి.

ఈకలు నింపినవైతే డ్రయ్యరు లేకుండా పెట్టుకోవద్దు. తక్కువ వేడి మీద, శుభ్రమైన టెన్నిస్ బంతులు రెండు, మూడు వేసి తిప్పండి, ముద్దలు విడిపోతాయి. అరగంటకోసారి బయటికి తీసి విదిలించాలి. మొత్తం రెండు నుంచి నాలుగు గంటలు పట్టొచ్చు. వెలుగుకు పట్టి చూసినప్పుడు గళ్లలో నల్లటి గడ్డలు కనిపిస్తే లోపల ఇంకా తడి ఉంది.

దూది బొంతను నీళ్లలో వేయకండి. దూది ముద్దకట్టి ఒక పక్కకు జారుతుంది, లోపల ఎప్పటికీ ఆరదు. పైన ముసుగు ఉంటే దాన్ని విప్పి ఉతకండి. బొంతను ఎండలో ఒక్కో వైపు మూడు, నాలుగు గంటలు వేసి, మధ్యలో కర్రతో తేలిగ్గా తట్టండి. అడుగున గట్టిగా పలచబడిపోతే దూది ఏకించి మళ్లీ నింపించుకోవాలి. ఎండ నుంచి తెచ్చిన బొంతను వేడిగా ఉండగానే మడవకండి. గంటసేపు నీడలో చల్లారనివ్వండి.

దిండు గలీబులు, దుప్పట్ల ముసుగులు లేబుల్ ఒప్పుకుంటే 60 డిగ్రీల్లో ఉతకండి. దుమ్ములో ఉండే సూక్ష్మ కీటకాలు ఆ వేడికి చస్తాయి, 30 డిగ్రీల్లో చాలావరకు బతికే ఉంటాయి. తుమ్ములు, ఉబ్బసం ఉన్న ఇంట్లో ఇది తప్పనిసరి. దిండును సగానికి మడిచి వదిలితే తిరిగి చాపుకోకుండా అలాగే ఉండిపోయిందంటే దాని పని అయిపోయినట్టే.

పరుపుకు చేసేది తక్కువ. ముసుగు తీసి, రెండు వైపులా, అంచుల కుట్ల వెంబడి వాక్యూమ్ చేసి, గోడకు నిలబెట్టి కిటికీలు తెరిచి నాలుగు గంటలు వదలండి. తలవైపును కాళ్లవైపుకు తిప్పి వేయండి. కుట్ల మడతల్లో నల్లటి చుక్కలు కనిపిస్తే అవి నల్లి మరకలు కావొచ్చు. అప్పుడు సర్దుడు ఆపి ముందు దాని సంగతి చూడండి.

ఏడాది లోపు పసిపిల్లలు పడుకునే చోట మాత్రం ఎంత చలైనా వదులు దుప్పట్లు, దిండ్లు పెట్టకూడదు. ముఖం మీదికి వస్తే తీసుకోలేరు. తొడిగే నిద్రసంచి, లేదా ఒక పొర ఎక్కువ బట్ట సరైన మార్గం.

దాచడం

నూలు, పాలిస్టర్ బట్టలు గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో నిశ్చింతగా ఉంటాయి, పూర్తిగా ఆరి ఉంటే. ఉన్నికీ పట్టుకూ ఉతికిన నూలు సంచి మేలు, లేదా పాత దిండు గలీబు. గాలి ఆడుతుంది, నేత ఒత్తుగా ఉంటే చిమ్మెట దూరదు. పట్టును నెలకోసారి కాకపోయినా రెండు, మూడు నెలలకోసారైనా మడత మార్చాలి. గాలి పీల్చేసే వాక్యూమ్ సంచులు పాలిస్టర్ దుప్పట్లకు బాగుంటాయి. ఈకలవీ ఉన్నివీ నెలల తరబడి అలా నొక్కి ఉంచితే పొంగు పోతుంది.

బరువైనవి అడుగున, తేలికవి పైన. స్వెటర్లు మడిచే పెట్టాలి, హ్యాంగర్‌కు తగిలిస్తే భుజాల దగ్గర కొమ్ములు పొడుచుకొస్తాయి. అరను ముప్పావు వంతే నింపండి. చెయ్యి అడ్డంగా పెడితే దూరేంత సందు ఉంటే గాలి ఆడుతుంది. పెట్టె మీద చీటీ రాసేటప్పుడు 'బట్టలు' అని కాకుండా ఎవరివి, ఏ సైజు, ఎన్ని అని రాయండి. తమ్ముడికి దాచిన అన్న బట్టలకు ఇదే ఆధారం, లేకపోతే వాడు ఆ సైజు దాటాక పెట్టె తెరుచుకుంటుంది.

కలరా ఉండలని పిలిచే నాఫ్తలీన్ గోళీల గురించి నిక్కచ్చిగా చెప్పాలి. పసిపిల్లలున్న ఇంట్లో వాడకండి. ఆ ఆవిరి, ఆ వాసన పట్టిన బట్ట, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలకు ఎర్ర రక్తకణాలు పగిలిపోయేలా చేస్తాయి. ఆ లోపం ఉన్నట్టు చాలామందికి ముందు తెలియదు. మింగితే పెద్దవాళ్లకూ విషమే. పైగా అవి పనిచేయాలంటే మూత బిగించిన పెట్టెలో ఆవిరి నిండాలి. తెరిచి మూసే బీరువాలో నాలుగు గోళీలు పడేస్తే పురుగు చావదు, గదికి వాసన పడుతుంది, అంతే. రకరకాల గోళీలు కలిపితే కరిగి బట్ట మీద మరకలు పడతాయి. దేవదారు చెక్క ముక్కలు, లావెండర్ సంచులు మంచి వాసన ఇస్తాయి గానీ ఉన్న పురుగును చంపవు. ఉతికి, ఆరబెట్టి, మూత బిగించడాన్ని మించిన రక్షణ లేదు.

తేమ పీల్చే సిలికా జెల్ ప్యాకెట్లు కూడా మూత ఉన్న పెట్టెలోనే పనికొస్తాయి. బీరువాలో వేస్తే ఒకటి, రెండు రోజుల్లో గది గాలిలోని తేమతో నిండిపోయి ఊరికే పడి ఉంటాయి.

అటక మీద ఎండ వేడి, కప్పు కారడం రెండూ ఉంటాయి. మంచం కింద దుమ్ము చేరినా వేడి మారదు. రెండిట్లో మంచం కిందే నయం, పెట్టె నేలకు ఆనకుండా నాలుగు చెక్క ముక్కల మీద పెడితే.

హీటరు, ఆ తర్వాత పదిహేను రోజులు

దుప్పట్లతోపాటు గది హీటరు కూడా దిగుతుంది. ప్లగ్గు పెట్టకముందే జాలీ మీది దుమ్మును బ్రష్‌తో దులపండి. మొదటిసారి వేసినప్పుడు కిటికీ తెరిచి పావుగంట ఎదురుగా ఉండండి. దుమ్ము కాలిన వాసన కాసేపటికి పోవాలి. ప్లాస్టిక్ కాలుతున్న వాసన వచ్చినా, ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా ఆపేయండి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కాకుండా గోడ సాకెట్‌కే పెట్టాలి. పరదాలు, మంచం, ఆరేసిన బట్టలు మీటరు దూరంలో ఉండాలి. గ్యాసో కట్టెలో బొగ్గో మండించేదైతే గదిలోకి గాలి వచ్చే దారి తప్పనిసరి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. దానికి అలారం పెట్టుకుని బ్యాటరీ ఇప్పుడే మార్చండి.

హీటరు ముందు తడి బట్టలు ఆరేయడం ఈ కాలంలో మామూలే. ఆ నీరంతా గది గాలిలోకి చేరి చల్లటి గోడల మీద, బీరువా వెనక తేలుతుంది. తప్పనిసరైతే ఒకే గదిలో తలుపు మూసి, కిటికీ రెండు వేళ్లంత తెరిచి ఆరేయండి.

సర్దిన పదిహేను రోజులకు ఒక పొద్దున బీరువా తలుపు తెరిచి, మిగతా ఏమీ కదపకముందే వాసన చూడండి. ముక్కు పెట్టాల్సింది పై అర దగ్గర కాదు, అడుగున వెనక మూలలో. తేడాగా అనిపిస్తే ఆ మూలలోవి నాలుగు తీసి చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలినవాటిని ఆ రోజే ఎండకు వేయండి, ఉన్నివైతే నీడలో గాలికి.